మనవరాలికి ‘ద్రిత’ అని పేరు పెడతారట, దీప్తి అని మార్చమనొచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి స్విట్జర్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మూడేళ్ళ క్రితం అక్కడే ఒక అల్బేనియన్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ సొంత ఊరు కొసొవోలో. పిల్ల మంచిది, మేమంటే గౌరవం ఉంది, ఆ విషయంలో నాకే కంప్లయింటూ లేదు. వచ్చే నెలలో డెలివరీ. ఆడపిల్ల అని అక్కడి డాక్టర్లు ముందే చెప్పేశారట. ‘ద్రిత’ అని పేరు ఖాయం చేశామని మొన్న ఫోన్ చేశారు. అది కోడలి తల్లిగారి పేరు. ఆవిడ రెండేళ్ళ క్రితం పోయారు, టీచరుగా చేసేవారట. అర్థం ఏమిట్రా అంటే వెలుగు అన్నాడు మావాడు. అయితే దీప్తి అనో జ్యోతి అనో పెట్టొచ్చుగా, అర్థం అదేగా అన్నాను. అవతల ఇద్దరూ మాట్లాడలేదు. మా మరిది, అది సంస్కృతం పేరే, ధృతి అన్నది వాళ్ళ నోట్లో అలా అయింది, మనం ధృతి అనే వేయిద్దాం అంటున్నాడు. మా ఆడపడుచేమో, వియ్యంకుడిది అరబ్బీ పేరు కదా, ఇదీ ముస్లిం పేరేమో కనుక్కో అంటోంది. అసలు ఏ నక్షత్రంలో పుడుతుందో తెలియకుండా పేరెలా ఖాయం చేస్తారు? నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పేరు సంగతి చెప్పి, నేనేం చేయాలో కూడా చెప్పండి.
– కాబోయే నాయనమ్మ

సమాధానం: అమ్మా, మార్చమనకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఆ పేరు కథ కొంచెం చెప్పాలి. ఓపిగ్గా చదవండి, చివరికి మీరు చేయగలిగిన పనులూ ఉన్నాయి.

ముందు మీ మరిదిగారి సంగతి తేల్చేద్దాం, అది తేలిక. ద్రితకీ ధృతికీ చుట్టరికం లేదు. ధృతి అంటే ధైర్యం, పట్టుదల. ధరించడం, ధరణి, ధర్మం అన్నీ ఆ ధాతువులోంచి వచ్చినవే. ద్రిత అచ్చంగా అల్బేనియన్ మాట, అల్బేనియాలోనూ పక్కనున్న కొసొవోలోనూ మాట్లాడే భాష అది. ఆ భాషలో ‘ద్రిత్’ అంటే వెలుగు. చివర ‘అ’ చేరిస్తే ‘ఫలానా వెలుగు’ అని నిర్దిష్టంగా చెప్పినట్టు. ఆ భాషలో చాలా ఆడపేర్లు ఇలా ‘అ’తో ముగిసే రూపంలోనే వాడుకలో ఉంటాయి.

అయినా మీ మరిదిగారు మరీ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అల్బేనియన్ కూడా ఇండో-యూరోపియన్ కుటుంబంలోదే, అందులో తనదంటూ ఒక విడి శాఖ. భాషాశాస్త్రజ్ఞులు ఈ ‘ద్రిత్’ని ‘చూడటం’ అనే అర్థమున్న ఒక పాత ధాతువుతో కలుపుతారు. సంస్కృతంలో దృశ్, దృష్టి, దర్శనం వచ్చింది ఆ ధాతువు నుంచే. అంటే సంస్కృతంలో ద్రితకి చుట్టం ఉంది కానీ, అది ధృతి కాదు, దృష్టి. మన ఇళ్ళల్లో ఆ దృష్టే దిష్టి అయి కూర్చుంది. అన్నట్టు, దిష్టి భయం వాళ్ళకీ ఉంది. అల్బేనియాలో కొత్తగా కడుతున్న ఇళ్ళకి ‘దోర్దొలెట్స్’ అని గడ్డిబొమ్మనో, పాత టెడ్డీబేర్‌నో వేలాడదీస్తారు. మన దిష్టిబొమ్మ చేసే పనే అదీ చేస్తుంది. మీరు పాప బుగ్గన కాటుక చుక్క పెడితే మీ వియ్యంకుడికి వింతగా అనిపించదు.

కానీ ఈ ధాతువు సంగతి విని సంతోషించి వదిలేయాలి. ‘అంటే అది మన పేరే’ అని బంధువులకి చెప్పుకోవడం మొదలుపెడితే చిక్కు. రెండు భాషలూ విడిపోయి కొన్ని వేల ఏళ్ళయింది. ఈ మధ్యలో ఆ మాట ఎవరి నోళ్ళలో బతికిందో పేరు వాళ్ళది. ప్రతి పేరునీ లాక్కొచ్చి సంస్కృతానికి కట్టేసే అలవాటు మన చుట్టాలందరిలో కనీసం ఒకరికి ఉంటుంది, మీ ఇంట్లో అది మరిదిగారి వంతు వచ్చింది.

పలకడం మనకి కష్టం కాదు. పక్కింటి స్విస్‌వాళ్ళు, ఇంగ్లీషు చదువుకున్న మనవాళ్ళు ‘డ్రీటా’ అంటారు. అలా వద్దు. ‘దయ’లో ద, ‘తల’లో త పెట్టి ద్రిత అనండి, ఒత్తు మొదటి అక్షరం మీద ఉండాలి. కొంచెం సాగి ద్రీత అన్నా ఫరవాలేదు. మీ వియ్యంకుడు ఫోన్‌లో తన మనుషులతో మాట్లాడుతున్నప్పుడు ఒకసారి ‘ద్రిత’, ఇంకోసారి ‘ద్రితన్’, మరోసారి ‘ద్రితస్’ అని వినిపిస్తే కంగారు పడకండి, పేరు మార్చలేదు. మనం ద్రితని, ద్రితకి అన్నట్టే వాళ్ళకీ విభక్తులున్నాయి. రోజువారీ మాటల్లో ఈ పదం అంతటా తగులుతుంది. అల్బేనియాలో కరెంటు పోతే ‘ఇకన్ ద్రితత్’ అంటారు, దీపాలు పోయాయి అని. కంటి వెలుగులా చూసుకున్నాం అని మనమంటామే, ఆ మాట వాళ్ళకీ ఉంది. ఒట్టు వేసేటప్పుడు కంటి వెలుగు మీద ఒట్టేసుకుంటారు. ఇంటర్నెట్‌లో ఈ పేరు వెతికితే ఫుట్‌బాల్ వార్తలు వస్తాయి, కొసొవోలో గిలాన్ అనే పట్టణం జట్టు పేరు కూడా ద్రితే.

ఇక మీ ఆడపడుచుగారి అనుమానం. ద్రిత ముస్లిం పేరూ కాదు, క్రైస్తవ పేరూ కాదు. అల్బేనియన్లలో సున్నీ ముస్లింలు, బెక్తాషీ సూఫీ మార్గంవాళ్ళు, ఉత్తరాన క్యాథలిక్కులు, దక్షిణాన ఆర్థొడాక్స్ క్రైస్తవులు ఉన్నారు. మతాన్ని బట్టి వచ్చిన పేర్లు వేరే ఉన్నాయి. ఫాతిమే, హతిజే అంటే ముస్లిం కుటుంబం అనుకోవచ్చు, వాసిలికా అంటే ఆర్థొడాక్స్ అనుకోవచ్చు. ద్రిత అంటే అల్బేనియన్ అని తప్ప ఇంకేమీ తెలియదు. ఇలాంటి పేర్లు పెట్టుకోవడం వెనక ఉద్దేశం కూడా అదే. 19వ శతాబ్దంలో పష్కో వాసా అనే కవి, అల్బేనియన్ల మతం అల్బేనియన్‌తనమే అన్నాడు. ఆయన క్యాథలిక్కు, ఉద్యోగం అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన తుర్కీ ఆటోమన్ సుల్తాన్ దగ్గర, చివరికి లెబనాన్‌కి గవర్నర్‌గా పనిచేశాడు. మూడు మతాలు ఉన్న జనం ఒక్కటిగా నిలబడాలంటే మతానికి అవతల ఇంకేదో పట్టుకోవాలి. వాళ్ళు భాషని పట్టుకున్నారు.

మీ వియ్యంకుడిది అరబ్బీ పేరు కావడంలో వింత లేదు. కొసొవో 1912 దాకా ఆటోమన్ సామ్రాజ్యంలో ఉంది, అక్కడి అల్బేనియన్లలో ఎక్కువమంది ముస్లిం నేపథ్యం ఉన్నవాళ్ళే. ఒకే ఇంట్లో తాతది అరబ్బీ పేరు, తల్లిది అల్బేనియన్ పేరు, పిల్లలవి ఇటాలియన్ పేర్లు ఉండటం అక్కడ మామూలు. మతం సంగతి మీకు నిజంగా తెలుసుకోవాలని ఉంటే మీ అబ్బాయిని నేరుగా అడగండి. పెళ్ళయిన మూడేళ్ళకి, పుట్టబోయే పిల్ల పేరుని అడ్డం పెట్టుకుని కూపీ లాగడం మాత్రం బాగుండదు, ఆడపడుచుగారికి ఆ ముక్క మీరే చెప్పాలి.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. వెలుగు అనే మాట పేరుగా ఇంతగా ఎందుకు పట్టుబడిందో తెలియాలంటే 1880ల నాటి పరిస్థితి చూడాలి. ఆటోమన్ పాలనలో చదువు మతాన్ని బట్టి నడిచేది. ముస్లిం పిల్లలు తుర్కీలో, ఆర్థొడాక్స్ పిల్లలు గ్రీకులో, క్యాథలిక్ పిల్లలు ఎక్కువగా ఇటాలియన్‌లో చదివేవాళ్ళు. ఇంట్లో అందరూ మాట్లాడే అల్బేనియన్‌కి బడిలో చోటు లేదు. దానికి అందరూ ఒప్పుకున్న లిపి కూడా లేదు. ఒకరు గ్రీకు అక్షరాల్లో, ఒకరు అరబ్బీలో, ఒకరు లాటిన్‌లో రాసుకునేవాళ్ళు. 1879లో ఇస్తాంబుల్‌లోని అల్బేనియన్ చదువరులు పుస్తకాలు అచ్చేయడానికి ఒక సంఘం పెట్టారు. 1884లో అక్కడి నుంచే అల్బేనియన్ భాషలో ఒక పత్రిక మొదలైంది. దాని పేరు ‘ద్రిత’. కొన్నాళ్ళకే దాన్ని ‘దితురియ’ అని మార్చారు, అంటే విజ్ఞానం. తర్వాత 1901లో షాహిన్ కొలొన్యా అనే ఆయన బల్గేరియాలోని సోఫియాలో ఇంకో పత్రిక పెట్టాడు. దానికీ ద్రిత అనే పేరు. 1908 దాకా నడిపాడు.

అంటే అప్పట్లో ద్రిత అంటే దీపం వెలుతురు ఒక్కటే కాదు. సొంత భాషలో చదువుకోవడం అనే అర్థం అందులో కలిసిపోయింది. 1887 మార్చి 7న అల్బేనియాలోని కొర్చా పట్టణంలో, మతంతో పనిలేని మొదటి అల్బేనియన్ బడి తెరిచారు, ఇస్తాంబుల్ పత్రికలో పనిచేసిన పండెలి సొతిరి అనే ఆయనే దానికి మొదటి హెడ్‌మాస్టరు. ఆ తారీఖునే ఇప్పటికీ అల్బేనియాలో టీచర్స్ డే చేస్తారు. మీ వియ్యపురాలు టీచరంటున్నారు కాబట్టి ఆ రోజు ఆవిడకి ఎవరైనా పూలు ఇచ్చే ఉంటారు. టీచరుకి వెలుగు అనే పేరు సార్థకమైంది అని ఇక్కడో వాక్యం రాసేయడం సులువు. రాయను, ఆవిడ పేరు పెట్టిననాడు ఆవిడ టీచరవుతారని ఎవరికీ తెలియదు కదా.

నాకు ఈ చరిత్రలో బాగా నచ్చే ముక్క ఆడపిల్లల బడిది. అదీ కొర్చాలోనే, 1891లో. నడిపింది సెవస్తి కిరియాజి అనే యువతి. ఇస్తాంబుల్‌లో అమెరికన్లు నడిపే కాలేజీలో చదివి వచ్చింది. చెల్లెలు పరష్కెవి కూడా అక్కడే చదివి వచ్చి తోడైంది. 1908 నవంబరులో మనస్తిర్ అనే ఊళ్ళో, అంటే ఇప్పటి ఉత్తర మెసిడోనియాలోని బితోలాలో, లిపి తేల్చడానికి సభ జరిగితే అందులో పాల్గొన్న ఆడమనిషి ఈ పరష్కెవి. ఇప్పుడు వాడుకలో ఉన్న 36 అక్షరాల లాటిన్ లిపికి ఆ సభే పునాది. ఇందులో మనకి కావలసింది ఆ అక్కాచెల్లెళ్ళ పేర్లు. రెండూ చర్చి నుంచి వచ్చిన గ్రీకు పేర్లు. సెవస్తి అంటే పూజ్యురాలు, పరష్కెవి అంటే శుక్రవారం. అల్బేనియన్‌లో చదువు చెప్పడానికి పోరాడిన ఆడవాళ్ళకి అల్బేనియన్ పేర్లు లేవు. వాళ్ళ తర్వాతి తరాల్లో వచ్చారు ద్రితలు, ష్ప్రెసలు, లిరీలు. ష్ప్రెస అంటే ఆశ, లిరీ అంటే స్వేచ్ఛ. ఇంకా లూలె అంటే పువ్వు, ఫ్లుతుర అంటే సీతాకోకచిలుక, వెస అంటే తెల్లవారుజామున పడే మంచుబొట్టు. మీ కోడలి చుట్టాల్లో ఈ పేర్లవాళ్ళు కనీసం ఇద్దరు ముగ్గురు తగులుతారు చూడండి. మగవాళ్ళలో ద్రితన్ ఉంటాడు.

కమ్యూనిస్టుల కాలంలో ఈ కథ ఒక వంకర తిరిగింది. అల్బేనియాని ఏలిన కమ్యూనిస్టు నాయకుడు ఎన్వెర్ హోజా ప్రభుత్వం 1967లో మసీదులు, చర్చిలు అన్నీ మూయించింది. 1975లో ఇంకో అడుగు వేసి, రాజకీయంగా, సిద్ధాంతపరంగా, నైతికంగా తగని పేర్లున్నవాళ్ళు పేర్లు మార్చుకోవాలని ఉత్తర్వు తెచ్చింది. మతం వాసన వచ్చే పేర్లకి కాలం చెల్లింది. వాటి బదులు అల్బేనియన్ మాటల పేర్లు, అల్బేనియన్లు తమ పూర్వీకులని చెప్పుకునే ప్రాచీన ఇల్లిరియన్ల పేర్లు పెట్టమని ప్రోత్సహించారు. రోమ్‌తో క్రీ.పూ. 229లో యుద్ధానికి దిగిన ఇల్లిరియన్ రాణి తెఉత పేరు అలా ఇంటింటికీ వచ్చింది, ఆవిడ బొమ్మ అల్బేనియా 100 లెకుల నాణెం మీద కూడా ఉంది. కాబట్టి 1970ల అల్బేనియాలో పుట్టిన ఒక ద్రిత పేరు తండ్రి మనసుపడి పెట్టిందో, ఆఫీసులో గొడవ రాకుండా పెట్టిందో పైకి చూసి చెప్పలేం.

కొసొవో సంగతి అది కాదు. అది యుగోస్లావియాలో ఉండేది, హోజా ఉత్తర్వు అక్కడ చెల్లదు. అక్కడివాళ్ళు ఇలాంటి పేర్లు పెట్టుకున్నారంటే తమంతట తామే పెట్టుకున్నారు. వేరే భాషవాళ్ళు ఎక్కువగా ఉన్న దేశంలో, పిల్ల పేరు పిలవగానే ఏ భాషపిల్లో తెలియాలని. మీ వియ్యపురాలి తల్లిదండ్రులు ఆ పేరు పెట్టినప్పుడు ఈ లెక్క వాళ్ళ మనసులో ఉండే అవకాశం ఎక్కువ.

ఇంకొక్క సంగతి. ఆవిడ కొసొవోలో ఏ కాలంలో పాఠాలు చెప్పారో మీ కోడలిని అడగండి. 1990ల మొదట్లో, అప్పుడు కొసొవోని ఏలుతున్న సెర్బియా ప్రభుత్వం అల్బేనియన్ భాషలో చదువుని, ముఖ్యంగా హైస్కూళ్ళనీ యూనివర్సిటీనీ, ప్రభుత్వ భవనాల నుంచి బయటికి నెట్టేసింది. టీచర్లు ఊరుకోలేదు. ఎవరో ఇచ్చిన ఇంట్లో, ముందు గదిలో, మేడ మీద, గ్యారేజీలో క్లాసులు పెట్టారు. పిల్లలు నేల మీద కూర్చుని చదువుకున్నారు. 1999 యుద్ధం ముగిసేదాకా అలాగే నడిచింది. మీ కోడలి వయసు బట్టి చూస్తే తను కూడా అలాంటి ఇంటిబడికి వెళ్ళి ఉండొచ్చు, లేదా అప్పటికే ఆ కుటుంబం స్విట్జర్లాండ్ చేరి ఉండొచ్చు. ఏదైనా సరే, తల్లి గురించి అత్తగారు అడిగారంటే ఆ పిల్ల చాలా చెబుతుంది. పేరు మార్చమన్న ఫోన్‌కాల్ తర్వాత ఇలాంటి ఫోన్‌కాల్ ఒకటి చాలా అవసరం.

ఇంకా ఒక మాట, ద్రిత ఇప్పుడు ఫ్యాషన్ పేరు కాదు. ఈ కాలం అల్బేనియన్ తల్లిదండ్రులు చిన్న చిన్న పేర్లు, యూరప్‌లో ఎక్కడైనా చెల్లే పేర్లు ఎంచుకుంటున్నారు. వాళ్ళ చెవికి ద్రిత అంటే మన చెవికి సరోజిని, సుజాత లాంటిది, అత్తయ్యల తరం పేరు. అయినా ఆ పిల్ల దాన్నే ఎంచుకుందంటే అర్థం కోసం ఎంచుకోలేదు, అమ్మ కోసం ఎంచుకుంది. అర్థం అదేగా, దీప్తి అనుకోండి అని మీరన్నప్పుడు వాళ్ళిద్దరూ మాట్లాడకపోవడానికి కారణం అదే. మీ అమ్మగారి పేరు లక్ష్మి అనుకుందాం. మీ మనవరాలికి ఆ పేరు పెట్టాలని మీకుంది. లక్ష్మి అంటే సంపదే కదా, సంపద అని పెట్టేద్దాం అని మీ వియ్యంకుడు అంటే మీకెలా ఉంటుంది? అర్థం ఎక్కడికీ పోలేదు, మీ అమ్మగారే పోయారు.

పోయిన పెద్దవాళ్ళ పేరు పిల్లలకి పెట్టడం మనకి తెలియని పద్ధతి కాదుగా. తాత పేరు మనవడికి, నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టడం, ఆ తర్వాత కోడలు అత్తగారి పేరు నోటితో అనలేక పిల్లని ‘అమ్మాయీ’ అనో ‘బుజ్జీ’ అనో పిలవడం మన ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాం. ఈసారి అమ్మమ్మ పేరు వచ్చింది, అంతే తేడా.

మనకి ఆ దేశపు పేర్లు బొత్తిగా కొత్త కూడా కాదు. మదర్ థెరిసా అల్బేనియన్. 1910లో స్కోప్యేలో పుట్టినప్పుడు పెట్టిన పేరు అంజెజె గొంజె బొయాజియు. గొంజె అంటే మొగ్గ. పారసీలో ఘుంచా, తుర్కీలోకి వెళ్ళి గొంజా, అక్కడి నుంచి అల్బేనియన్‌లోకి గొంజె. హైదరాబాద్ ఉర్దూలో ఇప్పటికీ గుంచా అంటే మొగ్గే. ఇక మీ ఇంట్లో పాటలు వినే పిల్లలెవరైనా ఉంటే దువా లిపా పేరు చెప్పండి, ఎగిరి గంతేస్తారు. ఆమె లండన్‌లో పుట్టింది, అమ్మానాన్నలు కొసొవో అల్బేనియన్లు. ఉర్దూ తెలిసినవాళ్ళు దువా అంటే ప్రార్థన అనుకుంటారు కానీ, అల్బేనియన్‌లో ‘దువ’ అంటే ప్రేమిస్తున్నాను, కావాలి అని.

నక్షత్రం మాటకొస్తే, మీ బాధ నాకు అర్థమైంది. అక్కడ మన దగ్గరలా బారసాల దాకా ఆగే వీలు లేదు. పుట్టిన కొద్ది రోజుల్లోనే పేరుతో సహా రిజిస్ట్రేషన్ అయిపోవాలి, అందుకే ముందే ఖాయం చేసుకుంటారు. ఇందులో మీ పద్ధతికి అడ్డేమీ లేదు. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అని మనవాళ్ళే ఎప్పుడో విడదీశారు. పాప పుట్టిన సమయం, ఊరు మీవాడిని అడిగి తీసుకోండి. అక్కడి టైమే చెప్పమనండి, దాన్ని లెక్కగట్టుకోవడం పంతులుగారి పని. వచ్చిన అక్షరంతో మీకు నచ్చిన పేరు చూసుకుని, 21వ రోజున పళ్ళెంలో బియ్యం పోసి రాయించండి. వాళ్ళు వీడియోకాల్‌లో ఉంటారు. బియ్యంలో జన్మనామం, ఇష్టదైవం పేరు, దాని కింద ద్రిత అని కూడా రాయించండి. ఆ మూడో పేరు మీ చేత్తో మీరే రాస్తే మీ కోడలు చూస్తుంది.

తెలుగు పేరు ఒకటి కాగితాల మీద కూడా ఉండాలని మీకు గట్టిగా ఉంటే, రెండో పేరుగా చేర్చగలరేమో అడగొచ్చు. ద్రిత లలిత, ద్రిత శారద, ఇలా. అడగడం వరకే. డెలివరీకి ముందే అడగండి, ఆస్పత్రిలో ఫారం నింపే గంటలో కాదు. దీప్తి మాత్రం ఆ రెండో పేరుగా కూడా వద్దు, పక్కపక్కన పెడితే ఒకదానికి ఇంకొకటి అనువాదంలా ఉంటుంది.

స్పెల్లింగ్ దగ్గర ఒక హెచ్చరిక. డి, ఆర్, ఐ, టి, ఎ. ఐదక్షరాలు. ఇన్విటేషన్ కార్డు వేయించేటప్పుడు మనవాళ్ళ అలవాటు కొద్దీ డి పక్కన ఒక హెచ్, టి పక్కన ఒక హెచ్ తగిలిస్తారు. అల్బేనియన్‌లో డి-హెచ్, టి-హెచ్ వేరే అక్షరాలు, ఆ 36లో వాటికి విడిగా స్థానం ఉంది, శబ్దాలూ వేరే. హెచ్‌లు చేర్చిన కార్డు చూస్తే మీ వియ్యంకుడు దాన్ని ఇంకేదో పేరుగా చదువుతాడు. రేపు పాపకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) పెట్టేటప్పుడు కూడా పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఉండాలి. ప్రింటింగ్ ప్రెస్‌కి మీరే వెళ్ళండి, మరిదిగారిని పంపకండి.

పాప పుట్టిన రోజు వియ్యంకుడితో ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తుంది కదా, ఒక్క మాట నేర్చుకోండి: ‘మె యెత్ త జ్యాత్’. దీర్ఘాయుష్షుతో అని. నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి అని మనమనే చోట వాళ్ళు ఈ మాటంటారు. ఉచ్చారణ అటూ ఇటూ అయినా ఆయన పట్టుకుంటాడు. వరసలు కూడా అడిగి రాసి పెట్టుకోండి, మీకు సరదాగా ఉంటుంది. జర్మన్‌లో, ఇంగ్లీషులో అందరూ అంకులూ ఆంటీలే కానీ, అల్బేనియన్‌లో మేనమామకి ‘దాయ’, బాబాయికి ‘జాజా’, మేనత్తకి ‘హల’, పిన్నికి ‘తెజె’ అని విడివిడిగా ఉన్నాయి. నాయనమ్మకీ అమ్మమ్మకీ మాత్రం ఒకటే మాట, ‘జ్యుషె’. కాబట్టి పాపకి మీరు జ్యుషె అవుతారా, నాయనమ్మ అవుతారా అన్నది ఇప్పుడే మీ కోడలితో మాట్లాడుకోండి.